ఆ డబ్బు నాదే

డెంటరు చెయ్యి ఆస్పత్రి కౌంటరు కంతలోంచి లోపలికి దూరి అవతల కూర్చున్నవాడి కాలరు పట్టుకుంది. పట్టుకున్నాక గానీ తనేం చేశాడో డెంటరుకే తెలీలేదు. ఆ మనిషి సంగతి ఎప్పుడూ అంతే, ముందు చెయ్యి వెళ్తుంది, దాని వెనకాల బుర్ర వెళ్తుంది. లాగిన లాగుడికి కౌంటరువాడి నుదురు అద్దానికి ఠంగుమని కొట్టుకుంది. కళ్ళజోడు ఒక చెవి మీంచి జారి గడ్డం దగ్గర వేళ్ళాడింది.

"కార్డు ఆగిపోయిందని ఊరికే అంటావేంట్రా? మిషను ఎక్కకపోతే మనిషి ఆగిపోతాడు, తెలుసా నీకు?"

కౌంటరువాడు నోరు తెరిచేలోపే సెక్యూరిటీవాడి లాఠీ డెంటరు వీపు మీద పడింది. రెండో దెబ్బ భుజం ఎముక మీద పడి చెయ్యి తిమ్మిరెక్కి కాలరు దానంతటదే వదిలేసింది. డెంటరు వెనక్కి తిరిగి లాఠీ పట్టుకున్నాడు. ఇద్దరూ అటూ ఇటూ గుంజుకుంటుంటే వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు పిల్లల్ని పక్కకి లాక్కున్నారు. చక్రాల కుర్చీలోంచి పెయింటరు నీరసంగా, "వదలరా బాబూ. ఆయన్ని కొడితే నా రక్తం శుభ్రమవుతుందా?" అన్నాడు. ఆ గొంతు వినగానే డెంటరు లాఠీ వదిలేశాడు. పెయింటరు కాళ్ళు నీరు పట్టి చెప్పుల్లో ఇమడటం మానేసి చాన్నాళ్ళయింది. మొహం కూడా ఉబ్బి, కళ్ళు రెండు గీతల్లా మిగిలాయి. ఇద్దరూ ఒకే కార్ల షెడ్డులో ఒకేరోజు పనిలో చేరినవాళ్ళు. బండికి డెంటరు సొట్టలు తీస్తే పెయింటరు దాని మీద రంగు కొట్టేవాడు. ఇప్పుడు పెయింటరుకి రెండు కిడ్నీలూ పనిచెయ్యట్లేదు. పేదవాళ్ళ కార్డు మీద ఈ ఆస్పత్రిలో ఉచితంగా రక్తం శుభ్రం చేస్తున్నారు కాబట్టి ఇంకా మనిషి కనిపిస్తున్నాడు.

ఆవేళ్టికి డెంటరు జేబులో ఉన్న కూలి డబ్బులు కట్టి పెయింటరుని మిషను ఎక్కించారు. తర్వాత పెయింటరు పెళ్ళాం, డెంటరు పక్క బిల్డింగులో ఉన్న కార్డుల ఆఫీసుకి వెళ్ళారు. లోపల ఆఫీసరమ్మ ఫైళ్ళ మధ్య తల దూర్చి పని చేసుకుంటోంది. ఆవిడ కంప్యూటరులో చూసి చల్లగా చెప్పింది. పెయింటరు బ్యాంకు ఖాతాలో ఒక్కసారే పెద్ద మొత్తం పడింది. అంత డబ్బున్నవాడు పేదవాడి కిందకి రాడు. అందుకని కార్డు ఆపేసింది కంప్యూటరు, మనుషులు కాదు.

పెయింటరు పెళ్ళాం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ డబ్బు ఎలా వచ్చిందో ఆవిడే చెప్పుకొచ్చింది. తన కిడ్నీ ఒకటి మొగుడికి ఇవ్వడానికి ఆవిడ ఒప్పుకుంది. ఆపరేషను ఆస్పత్రి చేస్తుంది గానీ ఆ తర్వాత వాడే ఖరీదైన మందులు కార్డు మీద రావు. అందుకని డెంటరన్నయ్య తిరిగి తిరిగి, షెడ్డులోవాళ్ళ దగ్గరా, పార్టులమ్మే కొట్లవాళ్ళ దగ్గరా, బండ్లు బాగుచేయించుకోడానికొచ్చే వాళ్ళ దగ్గరా చందా పోగుచేశాడు.

"ఆయన ఖాతాలో ఎందుకు వేశారు మరి?" అంది ఆఫీసరమ్మ.

డెంటరు చెప్పాడు. వాళ్ళ షెడ్డులో అదో కట్టుబాటు. ఎప్పుడో ఒకడు చచ్చిపోయినవాడి పేరు చెప్పి చందా వసూలు చేసి తాగేశాడట. అప్పట్నించీ మేస్త్రి ఒక మాట పెట్టాడు, చందా ఎత్తినవాడి చేతిలో డబ్బు తెల్లారకూడదు, సాయంత్రానికల్లా ఎవరి కోసం ఎత్తారో వాళ్ళ పేరు మీద పడిపోవాలని. డెంటరు ఆ మాట నిలబెట్టాడు. పైసా కూడా ఇంటికి తీసుకెళ్ళలేదు. రోజూ బ్యాంకు మూసేలోపు పరిగెత్తి పెయింటరు ఖాతాలో వేసేవాడు.

"అదే కొంప ముంచింది," అంది ఆఫీసరమ్మ. ఆవిడ గొంతులో కోపం లేదు. "ఆస్పత్రికే నేరుగా కట్టేస్తే ఆయన ఆస్తి కింద లెక్కకి వచ్చేది కాదు."

ఆస్పత్రివాళ్ళు ఆపరేషను తారీఖు ఖాయమైతే గానీ కట్టించుకోమన్నారని పెయింటరు పెళ్ళాం అంది. ఆఫీసరమ్మ కాసేపు పెన్ను టేబులు మీద ఆడించింది. చందా అన్నా, దానమన్నా, పేరు మీద పడ్డాక అది ఆయనదేననీ, దాచుకున్నట్టేననీ చెప్పింది. అప్పుగా తెచ్చుకున్నదైతే వేరు, అప్పు తీర్చేస్తే ఇక ఆయనది కాదు. ఆ మాట అనేసి, టీ తాగొస్తానని లేచి వెళ్ళింది. తెల్లకాగితం ఒకటి మాత్రం టేబులు మీద మిగిలింది.

సాయంత్రం మిషను దిగాక పెయింటరు ఆ కాగితం మీద సంతకం పెట్టాడు. డెంటరు దగ్గర తీసుకున్న అప్పు డెంటరుకి తిరిగి ఇచ్చేశానని దాని సారాంశం. మర్నాడు పొద్దున్నే ముగ్గురూ బ్యాంకుకి వెళ్ళి డబ్బంతా పెయింటరు ఖాతాలోంచి డెంటరు ఖాతాలోకి మార్చేశారు. మధ్యాహ్నానికి కార్డు మళ్ళీ పనిచేసింది. ఆస్పత్రి వరండాలో పెయింటరు డెంటరు మణికట్టు పట్టుకున్నాడు. సూది గుచ్చీ గుచ్చీ తాడులా ఉబ్బిపోయిన చెయ్యి పెయింటరుది.

"షెడ్డులో ఎవరికీ చెప్పకు. అక్కడందరివీ నోళ్ళే. ఎవడో ఒకడు వాగుతాడు, ఈ కాగితం అబద్ధమని తేలుతుంది. ఈసారి కార్డు పోతే మళ్ళీ ఇవ్వరు. నన్ను చంపినట్టే."

"చెప్పను," అన్నాడు డెంటరు.

"నీకు కోపమొస్తే నోరు ఆగదురా."

"రానివ్వను."

ఇంత జాగ్రత్తపడ్డారు గానీ, బ్యాంకులో తమ వెనక వరసలో బ్యాటరీ నిలబడి ఉన్నాడని ముగ్గురిలో ఎవరూ చూడలేదు. బ్యాటరీ అంటే షెడ్డులో కరెంటు పనులు చేసేవాడు. మేస్త్రి పంపితే చెక్కు వెయ్యడానికి వచ్చాడు. మొత్తం ఎవరి ఖాతాలోంచి ఎవరి ఖాతాలోకి వెళ్తోందో బ్యాంకు పిల్ల గట్టిగా చదివి వినిపిస్తుంటే చెవులారా విన్నాడు.

*

మర్నాడు డెంటరు ఒక తెల్లకారు తలుపు విప్పి, బల్ల మీద పడేసి, సొట్ట తీస్తున్నాడు. ఎడమ చేత్తో తలుపు వెనకాల డాలీ పట్టుకున్నాడు. డాలీ అంటే గుప్పెట్లో ఇమిడే నున్నటి ఇనపముద్ద. అది వెనకాల ఆనిస్తే, ముందు నించి సుత్తితో చిన్నగా తట్టాలి. గట్టిగా కొడితే రేకు సాగిపోతుంది, సాగిన రేకు మళ్ళీ లోపలికి పోదు. లాఠీ దెబ్బ తిన్న భుజం సలుపుతోంది గానీ చెవి మాత్రం చప్పుడు మీదే ఉంది. సొట్ట ఉన్న చోట చప్పుడు బొంగురుగా వస్తుంది. రేకు సరిగ్గా కూర్చుంటే గంటలా మోగుతుంది.

మోగేలోపే ఎవరో సుత్తి లాగేసుకున్నారు. మేస్త్రి. వెనకాల బ్యాటరీ, ఇంకా నలుగురైదుగురు. వెల్డింగువాడు చేతిలో మాస్కు పట్టుకునే వచ్చేశాడు.

"పెయింటరు ఖాతాలో డబ్బు ఏదిరా?" అన్నాడు మేస్త్రి.

డెంటరు డాలీ బల్ల మీద పెట్టాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఎవరో అబద్ధం చెప్పారని అందామా అనుకున్నాడు. కానీ అబద్ధం అంటే నిజమేంటో చెప్పాలి. నిజం చెప్పకూడదు. ఊరుకున్నాడు.

"నిన్నే అడుగుతున్నది. చావుబతుకుల్లో ఉన్నవాడి డబ్బు నీ ఖాతాలోకి ఎందుకెళ్ళింది?"

"చెప్పలేను మేస్త్రీ."

మొదటి గుద్దు చెంప మీద పడింది. మేస్త్రి చెయ్యి చిన్నప్పట్నించీ బోల్టులు విప్పిన చెయ్యి. డెంటరు నోట్లో ఉప్పగా ఏదో ఊరింది. నాలిక పెట్టి చూసుకుంటే వెనక పన్ను కదిలింది. రెండో గుద్దు కడుపులో. వంగినవాణ్ణి జుట్టు పట్టి లేపి బ్యాటరీ గూబ మీద కొట్టాడు, చెవిలో గుయ్యిమని ఒక ఈగ దూరి అక్కడే ఉండిపోయింది.

"ఎదురు చెయ్యి లేపు. లేపరా," అన్నాడు మేస్త్రి, ఆయాసపడుతూ. ఆయనకి అదే అర్థం కాలేదు. ఈ డెంటరు ఎవరు? పార్టుల కొట్టువాడు తమాషాకి తల్లి పేరెత్తితే దవడ పగలగొట్టినవాడు. క్రేను డ్రైవరుని లారీ కింద దూరి మరీ బయటికి లాగి కొట్టినవాడు. అలాంటివాడు చేతులు రెండూ కిందకి వేలాడేసి, పిడికిలి బిగిస్తూ విప్పుతూ నిలబడ్డాడు.

డెంటరుకి తన సంగతి తనకి తెలుసు. తన చెయ్యి లేచిందంటే నోరూ లేస్తుంది. ఒక్క గుద్దు గుద్దాడంటే, ‘ఒరేయ్ నా కొడకల్లారా, వాణ్ణి బతికించడానికేరా’ అని అరిచేస్తాడు. ఆ అరుపు రోడ్డు దాకా వినిపిస్తుంది. అందుకని పళ్ళు బిగబట్టాడు. పిడికిలి బిగిసినప్పుడల్లా పెయింటరు చెయ్యి, ఆ తాడులాంటి నరం తలుచుకుని విప్పేశాడు.

ఊరుకున్నకొద్దీ వాళ్ళకి ఇంకా మండింది. తప్పు చేశాడు కాబట్టే మాట్లాడట్లేదన్నాడు వెల్డింగువాడు. వెనక నించి ఎవడో నడుం మీద తన్నాడు. డెంటరు బల్ల మీద పడి, తలుపుతో సహా కింద దొర్లాడు. రేకు అంచు ముంజేతిని కోసింది. కింద పడ్డాక ఎవరి కాలు ఎవరిదో తెలీలేదు. పక్కటెముకల మీద, తొడ మీద, వీపు మీద బూట్లు పడుతున్నాయి. గ్రీజు, రక్తం కలిసి కంటిలోకి దిగాయి. మేస్త్రి జాకీ రాడ్డు ఎత్తడం మాత్రం ఆ మసకలోనే చూశాడు. తలకాయ మీద పడుతుందనుకుని మోచేతులు అడ్డం పెట్టుకున్నాడు. రాడ్డు వాడి చెవి పక్కన సిమెంటు నేల మీద దిగి, పెళ్ళ లేచిపోయింది.

"చంపను," అన్నాడు మేస్త్రి. "నిన్ను చంపితే ఆ డబ్బు ఎక్కడుందో చెప్పేవాడుండడు. రేపు పనిలోకి రా. డబ్బు కక్కేదాకా రోజూ ఉంటుంది నీకు."

*

ఇంటికొచ్చేసరికి వార్త వాడి కంటే ముందే వచ్చి కూర్చుంది. అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. కొడుకు మొహం చూసి ఒక్క మాట అనకుండా పక్కకి జరిగి దారి ఇచ్చింది. నీళ్ళు కాచి, ఉప్పు వేసి, పాతచీర చింపి ముంచి దెబ్బల మీద ఒత్తింది. ఒత్తడమంటే మెల్లగా కాదు, గిన్నె తోమినట్టు తోమింది. డెంటరు అబ్బా అంటే, నోరు మూసుకోమంది.

అమ్మకి పెద్దవాళ్ళ పెన్షను వస్తుంది. ఆ చిన్న మొత్తం ఆవిడకి రాజ్యం. ఆ డబ్బులోంచి కంట్లో చుక్కలమందు కొనుక్కుంటుంది, పక్కింటి పిల్లలకి బిస్కెట్లు కొనిపెడుతుంది, కొడుకు చేతిలో డబ్బులు లేనప్పుడు ఆవిడే అప్పిచ్చి, తర్వాత వడ్డీతో సహా దెప్పి మరీ వసూలు చేసుకుంటుంది. నా మొగుడు పోయాక ఎవడి ముందూ చెయ్యి చాచలేదు, నీ ముందు కూడా, అని నెలకి ఒకసారైనా అంటుంది.

"కొళాయి దగ్గర ఒకత్తి అడిగింది," అంది అమ్మ, చీరపేలిక పిండుతూ. "మీవాడు రోగిష్టివాడి డబ్బు తిన్నాడటగా అని. బిందె దాని నెత్తిన పడేశాను. నాలుగు కుట్లు పడ్డాయట."

డెంటరు రేకు కోసిన ముంజెయ్యి ముందుకి చాచాడు.

"పడేశాక ఇంటికొచ్చి కూర్చుంటే అనుమానం పుట్టింది. దాని నెత్తి ఊరికే పగలగొట్టలేదు కదా నేను? చెప్పు."

నోటి చివరిదాకా వచ్చింది డెంటరుకి. కానీ అమ్మకి చెబితే కొళాయి దగ్గర మైకులో చెప్పినట్టే. కొడుకు మంచివాడని తేలితే ఆవిడ ఊరుకోదు, గుమ్మం గుమ్మం ఎక్కి, కుట్లు పడ్డావిడ మంచం పక్కన కూర్చుని మరీ చెప్పొస్తుంది. డెంటరు గోడ వైపు తిరిగాడు. అమ్మ చాలాసేపు ఆ వీపు వంక చూసింది. తర్వాత నీళ్ళగిన్నె తీసుకెళ్ళి బయట పారబోసింది. ఆ రోజుకి ఇద్దరి మధ్యా ఇక మాటల్లేవు. అన్నం మాత్రం పెట్టింది. ఎడమచేత్తో కంచం తోసినట్టు పెట్టింది.

*

పొద్దున డెంటరు పనిలోకి వెళ్ళాడు. వెళ్ళకపోతే పారిపోయాడంటారు. సుత్తి ఎవరూ ఇవ్వలేదు. ఒక మూల పాత టైరు మీద కూర్చుని గరుకుకాగితంతో బంపరు రుద్దుతున్నాడు. నడుం వంచితే ఊపిరి అందట్లేదు. అటూ ఇటూ వెళ్ళేవాళ్ళు కావాలని బూటు కాలు తగిలిస్తున్నారు. వెల్డింగువాడైతే నిప్పురవ్వలు మీద పడేటట్టు తన పనిని ఇటు జరుపుకున్నాడు.

అప్పుడు గేటు దగ్గర ఆటో ఆగింది. పెయింటరు దిగాడు. దిగాడంటే పెళ్ళాం ఒక పక్క, ఆటోవాడు ఒక పక్క పట్టుకుంటే నేల మీద నిలబడ్డాడు. బ్యాటరీ ముందురోజు ఫోన్ చేసి శుభవార్తలా చెప్పాడట, నీ డబ్బు తిన్నవాణ్ణి కుళ్ళబొడిచాం, దిగులు పడకు అని. పెయింటరు ఎవరి వంకా చూడలేదు. ఉత్తికాళ్ళతో, ఇనపరజను మీద అడుగులో అడుగు వేసుకుంటూ, తిన్నగా మేస్త్రి దగ్గరికి వచ్చి రెండు చేతులతో చొక్కా పట్టుకున్నాడు. కొట్టాలని చెయ్యి ఎత్తాడు. అది భుజం దాకా లేచి ఆగిపోయింది. అప్పుడు తలతో కొట్టాడు. మేస్త్రి గుండె మీద తల వేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఆ దెబ్బలకి నొప్పి లేదు గానీ మేస్త్రి వెనక్కి వెనక్కి వెళ్ళి గోడకి ఆనుకున్నాడు.

"వాణ్ణి కొడతారా? వాణ్ణి?"

పెయింటరు పెళ్ళాం గేటు దగ్గరికి వేసి రమ్మని ఒకణ్ణి పంపింది. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, మొదట్నించీ చెప్పింది. కార్డు ఆగడం, చందా ఆయన పేరున పడటం వల్లే ఆగడం, అప్పు అని రాసి డెంటరు ఖాతాలోకి మార్చడం, బయటికి పొక్కితే కార్డు శాశ్వతంగా పోవడం. డెంటరు బంపరు పక్కనే నిలబడి విన్నాడు. వద్దని సైగ చేశాడు గానీ అప్పటికే మాటలు బయటపడ్డాయి. బ్యాటరీ నేల మీద రాలిన బోల్టుని కాలితో అటూ ఇటూ తోస్తున్నాడు. వెల్డింగువాడు మాస్కు దించి మొహం మీద పెట్టుకున్నాడు, పని లేకుండానే.

మేస్త్రి మెల్లగా గోడకి జారి కూర్చున్నాడు.

"నిన్న సాయంత్రం నేను ఆ కార్డుల ఆఫీసుకి ఫోన్ చేశాను," అన్నాడు. "రోగి చందా డబ్బు ఫలానావాడు కాజేశాడు, వచ్చి విచారించండి అని చెప్పాను. పేర్లతో సహా చెప్పాను."

పెయింటరు అక్కడే, ఇనపరజనులో, కూలబడ్డాడు. డెంటరు ముందుకి వచ్చాడు. ఇప్పుడు వాడి చెయ్యి లేచింది. నిన్నటిదంతా ఆ చేతిలో ఉంది. మేస్త్రి తలకి చేతులు అడ్డం పెట్టుకోలేదు. ఆ చెయ్యి మేస్త్రి చెవి పక్కనించి వెళ్ళి గోడకి ఆనించిన కారు అద్దం మీద పడింది. అద్దం సాలెగూడులా పగిలి, ముక్కలు ముక్కలుగా మేస్త్రి ఒళ్ళో రాలింది.

*

మర్నాడు మధ్యాహ్నం కాకముందే ఆఫీసరమ్మ వచ్చింది. తోడుగా ఎవరూ లేరు. గొడుగు మడిచి, విరిగిన సీటు ఒకటి చూపిస్తే దాని మీద కూర్చుంది. డెంటరు మొహం చూసింది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయి ఉంది. కుడిచేతికి గుడ్డ చుట్టి ఉంది. ఆవిడ చూపు అక్కణ్ణించి మేస్త్రి పిడికిళ్ళ మీదకి వెళ్ళింది. అవి కూడా పగిలి ఉన్నాయి.

ఫిర్యాదు వచ్చింది కాబట్టి విచారించక తప్పదని చెప్పింది. చందా డబ్బని ఫోన్‌లో అన్నారు. అది నిజమైతే ఆ డబ్బు పెయింటరుది, అప్పు అని రాసిచ్చింది అబద్ధం, కార్డు రద్దు. కాదంటే డెంటరు ఖాతాలో ఉన్నది డెంటరుదే. మధ్యలో ఇంకో దారి లేదు.

"నేను అడగాల్సింది ఒకటే," అంది. "ఆ డబ్బు ఎవరిది?"

షెడ్డులో మిషన్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. కంప్రెసరులోంచి గాలి కారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. మేస్త్రి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"వాడిదే అమ్మా."

"ఎవరిది?"

"డెంటరుది. మా దగ్గర వాడికి చాలా జీతం బాకీ ఉండిపోయింది. విడతలు విడతలుగా ఇచ్చేశాం. వాడు తెచ్చుకున్నది తెచ్చుకున్నట్టే పెయింటరుకి అప్పిచ్చాడు. పెయింటరు తీర్చేశాడు. అంతే."

"మరి దొంగ అని ఎందుకు ఫోన్ చేశారు?"

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "నేనే అబద్ధమాడాను. మాకూ మాకూ పడలేదు. కక్షతో చెప్పాను. కావాలంటే నా మీద రాసుకోండి."

ఆఫీసరమ్మ మిగతావాళ్ళ వైపు తిరిగింది. బ్యాటరీ ముందుకొచ్చి, వాడిదేనండీ, నేనూ చూశాను జీతం ఇస్తుంటే, అన్నాడు. వెల్డింగువాడు వాడిదేనండీ అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు అన్నారు. రెండు రోజుల కింద ఏ నోళ్ళతో దొంగ అన్నారో ఆ నోళ్ళే. డెంటరు ఒక్కొక్కళ్ళ వంకా ఉన్న ఒంటికన్నుతో చూస్తూ నిలబడ్డాడు.

"ఈ దెబ్బలేంటి మరి?" అంది ఆవిడ డెంటరుతో.

"జాకీ జారిందండీ. బండి మీద పడింది."

"రెండు వైపులా పడిందా?"

"పెద్ద బండండీ."

ఆవిడ నవ్వలేదు. కాగితం మీద రాసుకుంటూ, వంచిన తల ఎత్తకుండా, ఒక్కొక్క మాటే విడమరిచి చెప్పింది. జీతమైతే అది ఆదాయం. దాని మీద పన్ను పడుతుంది, నోటీసు ఇంటికొస్తుంది. ఇంకోటి. కార్డులూ పెన్షన్లూ అన్నీ ఒకే కంప్యూటరులో ఉంటాయి కాబట్టి, ఇంత ఆదాయం ఉన్న ఇంట్లో పెద్దావిడకి పెన్షను రాదు. ఈ నెల నించే ఆగిపోతుంది. మళ్ళీ పెట్టుకోడానికి చాలాకాలం పడుతుంది, వస్తుందన్న నమ్మకం కూడా లేదు.

మేస్త్రి చటుక్కున తల ఎత్తాడు. ఈ ముక్క ఆయనకి తెలీదు. ఏదో అనబోయాడు, డెంటరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అంతా తెలిసే చెబుతున్నావా?" అంది ఆఫీసరమ్మ. "నీ నోటితో చెప్పాలి. ఆ డబ్బు ఎవరిది?"

"నాదే," అన్నాడు డెంటరు.

ఆవిడ సంతకం పెట్టించుకుంది. గొడుగు తీసుకుని లేచి, గేటు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, ఆపరేషను తారీఖు రాగానే ఆస్పత్రి పేరు మీదే కట్టమని, మనుషుల పేర్ల మీద మళ్ళీ వెయ్యొద్దని, ఎవరితోనో అంటున్నట్టు గాల్లోకి చెప్పి వెళ్ళిపోయింది.

ఆవిడ రోడ్డు దాటేదాకా ఎవరూ కదల్లేదు. పన్ను డబ్బు మేమందరం వేసుకుంటామన్నాడు వెల్డింగువాడు. మేస్త్రి డెంటరు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"కొట్టు," అన్నాడు. "కొట్టరా. నాకు నిద్ర పట్టాలి."

డెంటరు ఆయన్ని దాటి వెళ్ళి, కింద పడి వంకర పోయిన తెల్లకారు తలుపుని ఎత్తి బల్ల మీద వేశాడు. దెబ్బలాటలో నలుగురు తొక్కిన తలుపు, ఉన్న సొట్టకి నాలుగు సొట్టలు చేరాయి. కుడిచేతికి గుడ్డ ఉంది కాబట్టి సుత్తి ఎడమచేత్తో తీసుకున్నాడు. రెండో చేత్తో డాలీ ఎలాగూ పట్టుకోలేడు.

"డాలీ పట్టు," అన్నాడు మేస్త్రితో.

మేస్త్రి డాలీ పట్టి ఎన్నేళ్ళయిందో. మోకాళ్ళ మీద కూర్చుని తలుపు వెనకాల చెయ్యి దూర్చి ఇనపముద్ద ఆనించాడు. డెంటరు కొట్టాడు. రేకుని కొట్టాల్సిన దెబ్బ కాదది. సుత్తి రేకు మీద పడితే, ఆ అదురు డాలీలోంచి మేస్త్రి మణికట్టులోకి, అక్కణ్ణించి భుజంలోకి పాకింది. మళ్ళీ కొట్టాడు. మేస్త్రి పళ్ళు గిట్టకరుచుకున్నాడు, చెయ్యి తియ్యలేదు. మళ్ళీ, మళ్ళీ. రేకు సాగిపోయింది, ఇక ఆ తలుపు దేనికీ పనికిరాదని షెడ్డులో అందరికీ తెలుస్తూనే ఉంది. ఎవరూ ఆపలేదు. మేస్త్రి వేళ్ళ సందుల్లోంచి రక్తం వచ్చేదాకా కొట్టి, డెంటరు సుత్తి బల్ల మీద పెట్టాడు.

"కొత్త తలుపు ఖరీదు నీ ఖాతాలో రాసుకో," అని బయటికి నడిచాడు.

*

ఇంకా వెలుగుండగానే ఇంటికొచ్చాడు. అమ్మ వాకిట్లో కూర్చుని బట్టలు మడతపెడుతోంది. డెంటరు ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఎలా చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చాడు గానీ, తీరా ఆవిడ ముందు కూర్చునేసరికి ఉన్నమాట ఉన్నట్టే వచ్చేసింది. నా ఖాతాలో పెద్ద డబ్బు ఉంది, నాదేనని ఆఫీసువాళ్ళకి సంతకం పెట్టాను, అందుకని నీ పెన్షను ఆపేస్తారు అన్నాడు.

అమ్మ చేతిలో ఉన్న చొక్కా సగం మడతలో ఆగిపోయింది.

"ఏ డబ్బు?"

"ఆ డబ్బే."

"నీదేనని సంతకం పెట్టావా?"

"పెట్టాను."

ఆవిడ చెయ్యి గాలిలో కనపడలేదు, చెంప మీద పడ్డాకే తెలిసింది. వాచిన వైపే కొట్టింది. డెంటరు కళ్ళ ముందు తెల్లగా మెరిసింది. ఇన్నాళ్ళ దెబ్బల్లోనూ ఇంత గట్టి దెబ్బ వాడు తినలేదు. కదిలిన పన్ను ఊడి నాలిక మీద పడింది. పక్కకి ఉమ్మేసి, మళ్ళీ తిన్నగా కూర్చున్నాడు. అమ్మ ఇంకోసారి కొట్టింది. మూడోసారి ఎత్తిన చెయ్యి మధ్యలో ఆగి, వాడి జుట్టులో పడి, అక్కడే గుప్పెట బిగించుకుంది. జుట్టు పట్టుకుని అటూ ఇటూ ఊపింది.

"నా పెన్షను పోతే పోయింది. గంజి తాగి బతుకుతాను. నీ సొమ్ము మాత్రం ముట్టను," అంది. "వాడు ఉన్నాడా? బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు."

"ఆ పిల్ల కడుపు కోసుకోడానికి సిద్ధపడ్డదిరా. దాని డబ్బురా అది."

డెంటరు తల వంచుకున్నాడు. అమ్మ జుట్టు వదిలింది. కొంగుతో మొహం తుడుచుకుంది. వీధి అటూ ఇటూ చూసి, కొడుకు చెవి దగ్గరికి వంగింది.

"విను. తప్పు ఎవడైనా చేస్తాడు. నువ్వూ చేశావు. ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. ఆ డబ్బు వాళ్ళకి చేర్చు. అందరి ముందూ ఇచ్చావంటే దొంగ తిరిగిచ్చాడంటారు, ఇంకా సిగ్గు. ఎవరికీ తెలియనివ్వకు. మందులకి కావాల్సినప్పుడల్లా కొంచెం కొంచెం పట్టుకెళ్ళి, చాటుగా కట్టెయ్యి. నాకు తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియకూడదు. చేస్తావా?"

డెంటరు మూసుకుపోయిన కంటిలోంచి కూడా నీళ్ళు కారుతున్నాయి. దెబ్బ నొప్పికనుకుంది అమ్మ.

"చేస్తానమ్మా," అన్నాడు.

"నా మీద ఒట్టెయ్యి."

ఒట్టేశాడు.